కోపం చెల్లని వరస

మా సామోలకు మోస్సీల మీద కోపం తెచ్చుకునే హక్కు లేదు. వాళ్ళకూ మా మీద లేదు. తాతల నాటి నుంచి ఈ రెండు జాతుల మధ్యా ఉన్నది వేళాకోళపు వరస. మోస్సీవాడు నన్ను బానిసదానా అని పిలవచ్చు, నేను వాణ్ణి కుక్కతలకాయ దొంగా అనచ్చు. వాడు నా పొయ్యి మీది కూర గిన్నెతో సహా ఎత్తుకుపోవచ్చు, నేను వాడి సైకిలు తోసుకెళ్ళి ఎవరి గాదె వెనకో దాచెయ్యచ్చు. ఎవరికీ నొప్పి తగలకూడదు. తగిలినా తగిలిందని చెప్పకూడదు. చెప్పినవాడు సూరు ఏటి పొడుగునా నవ్వులపాలవుతాడు.

ఈ కట్టుబాటు పెట్టినవాడెవడో గాని, వాడికి పిల్లలు లేరనుకుంటాను.

నా పేరు పెలాజీ పారే. ఎర్రజొన్నలు మొలకెత్తించి, ఎండబెట్టి, కాచి, పులియబెట్టి, డోలో బీరు చేసి అమ్ముతాను. ఆస్పత్రి గోడ పక్కనే నా పాక. నర్సుల దగ్గర్నుంచి శవాలు మోసేవాళ్ళ దాకా సాయంత్రమయ్యేసరికి నా బల్లల మీదే ఉంటారు. మా ఆయన ఐవరీ కోస్టు కోకో తోటలకు పనికి పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. ఆయన సంగతి ఇంతకంటే చెప్పను, అంత విలువ లేదు. నాకున్నది ఒక్కతే కూతురు, నొయెలీ.

డోలో వడకట్టాక మిగిలే పిప్పి తిని ఒక పొట్టేలు పెరిగింది మా ఇంట్లో. దున్నపోతంత అయింది. నొయెలీ దానికి కమాండర్ అని పేరు పెట్టింది. ఆస్పత్రిలో ల్యాబు చూసే లసినా జెర్బో ఒకరోజు డోలో తాగుతూ తాగుతూ దాని మెడ నిమిరాడు. లసినా మావాడే, సామో.

"అక్కా, దీన్ని నాకు అప్పివ్వవే. ఆస్పత్రి దొడ్లో కట్టేసుకుంటాను" అన్నాడు.

"కోసుకు తిందామనా?"

"ఛ! అప్పుడప్పుడు మెడ దగ్గర కాస్త నెత్తురు తీసుకుంటానంతే. దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

"నెత్తురు తాగే అలవాటు ఎప్పట్నుంచిరా నీకు?"

"నాకు కాదే, నేను పెంచే పురుగులకి."

మర్నాడు ల్యాబుకు తీసుకెళ్ళి చూపించాడు. అరచేతిలో పట్టే గుండ్రటి పళ్ళాలు, వాటి మీద మూతలు. లోపల నెత్తురు కలిపి పోసిన జెల్లీ ఎర్రగా పేరుకుని ఉంది. రోగి గొంతులో దూదిపుల్ల తిప్పి దాని మీద గీస్తే మర్నాటికి చిన్న చిన్న చుక్కలు మొలుస్తాయట. ఒక పళ్ళెం కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. కొన్ని చుక్కల చుట్టూ నెత్తురు కరిగిపోయి వెలుతురు ఇవతలికి వస్తోంది.

"ఇదిగో, ఇదే స్ట్రెప్టోకాకస్. చూడ్డానికి ఎంతుంది చెప్పు! పిల్లల గొంతులో చేరుతుంది. మామూలు గొంతునొప్పే అనుకుంటాం. పెన్సిలిన్ పడితే చచ్చి ఊరుకుంటుంది. పడకపోతే, దీన్ని తరమబోయి మన ఒళ్ళే మన గుండెని కరిచేస్తుంది. అందుకని దీన్ని ముందే పట్టుకోవాలి" అన్నాడు.

"దానికి నా పొట్టేలే ఎందుకు? మనుషుల నెత్తురు లేదా ఇంత ఆస్పత్రిలో?"

"మనిషి నెత్తురు మీద ఈ వెలుతురు సరిగ్గా కనబడదే అక్కా. పక్కనున్న మామూలు చుక్కల్లో కలిసిపోతుంది, దొంగ సంతలో కలిసిపోయినట్టు. పొట్టేలు నెత్తురైతే దాచదు."

సరేనని ఇచ్చాను. రోజూ పిప్పి తట్ట మోసుకెళ్ళి పెట్టేది నొయెలీ.

ఇక బార్నబే తప్సోబా. వాడు మోస్సీ. ఆస్పత్రి గుమాస్తాగా ఉండి మేనేజరు అయ్యాడు. మనిషి చెడ్డవాడు కాదని ఊరంతా అంటుంది, ఇప్పటికీ అంటుంది. పొద్దున్నే నా పాక ముందు స్కూటరు ఆపి, "ఏమే బానిసదానా, ఇంకా బతికే ఉన్నావా?" అని అరిచేవాడు. "నీ తద్దినం తిన్నాకే పోతాన్రా" అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. అది పొద్దు పొడవడం లాంటిదే మాకు.

మేనేజరు అయినందుకు విందు చేశాడు. నా దగ్గర డోలో కుండలన్నీ కొన్నాడు. మధ్యాహ్నం నా ముందు ఒక పళ్ళెం పెట్టించాడు, వేయించిన మాంసం, మీద ఉల్లిపాయలు. నేను ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాక లేచి నిలబడ్డాడు.

"ఎలా ఉందే?"

"ఉప్పు సరిపోయింది. మోస్సీ ఇంట్లో ఉప్పు సరిపోవడం ఇదే చూడ్డం."

"అయితే మీ కమాండర్ ఉద్యోగం బాగానే చేసినట్టు. ఇవాళే రిటైరయ్యాడు!"

జనం విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వాలి, అదీ కట్టుబాటు. నొయెలీ పిప్పి తట్టతో దొడ్లోకి వెళ్ళి ఖాళీ తాడు చూసి ఏడుస్తూ వచ్చింది. మా సామో ఆడవాళ్ళే దాన్ని కసిరారు, మోస్సీ ముందు ఏడుస్తావా, సిగ్గులేదా అని.

లసినా మాత్రం నవ్వలేదు. మర్నాడు మేనేజరు గదికి వెళ్ళి, ఇంకో పొట్టేలు కొనాలి, లేకపోతే ల్యాబు పని నడవదు అని చెప్పాడు. నిజంగానే చెప్పాడు. కాని చెప్పిన నోరు సామో నోరు, విన్న చెవి మోస్సీ చెవి. బార్నబే పొట్ట పట్టుకుని నవ్వి వరండాలోకి వచ్చి కేకేశాడట, "ఒరేయ్, వచ్చి చూడండ్రా! సామోవాడు పొట్టేలు కోసం ఏడుస్తున్నాడు!" లసినా మళ్ళీ వెళ్ళాడు, బార్నబే మళ్ళీ నవ్వాడు. ఆఖరికి, "గడువు దాటిపోయిన మనుషుల నెత్తురు సంచులు పారేస్తున్నాం కదా, అవి పోసుకో. మీ పురుగులకి రుచులు కూడానా?" అన్నాడు. లసినా అవే పోసుకున్నాడు. ఏం చేస్తాడు?

వానలు ముగిసే రోజుల్లో నొయెలీకి గొంతు నొప్పి వచ్చింది. సంకటి ముద్ద మింగలేక బెండ పులుసు మాత్రం తాగి పడుకుంది. ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అప్పటికే పైనుంచి కొత్త ఉత్తర్వు వచ్చి ఉంది. అయినదానికీ కానిదానికీ మందులిచ్చి మందులు పనిచెయ్యకుండా పోతున్నాయట, ల్యాబు చూసి ఉందంటేనే పెన్సిలిన్ ఇవ్వాలట. ఉత్తర్వు మంచిదే. డాక్టరు గొంతులో దూదిపుల్ల తిప్పి పంపాడు. మర్నాడు ల్యాబు నుంచి ఏమీ లేదని వచ్చింది. ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నారు. పుక్కిలించింది. జ్వరం తగ్గింది. ఎగిరి గంతేసింది.

పంట కోతల నాటికి దాని మోకాళ్ళు వాచాయి. తర్వాత మోచేతులు. ఆ తర్వాత బావి నుంచి ఇంటికి వచ్చేలోపు బిందె దింపి దింపి కూర్చోవడం మొదలుపెట్టింది. రాజధానికి, వాగాడుగు తీసుకెళ్ళాను. అక్కడి పెద్ద డాక్టరమ్మ చాలాసేపు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, గుండె కవాటం చెడిపోయిందని చెప్పింది. నెలనెలా పెన్సిలిన్ సూది, అది ఆపకూడదు. ఆపరేషన్ అయితే సముద్రాలు దాటి వెళ్ళాలి, ముందు చాలామంది పిల్లలు ఉన్నారు, పేరు రాసుకుంటాం అంది. అంతవరకు? అని అడిగాను. పరిగెత్తనివ్వకండి అంది.

ఆ తర్వాత లసినా వచ్చాడు. నొయెలీ తరగతి పిల్లలందరి గొంతులూ చూశాడట. ఈసారి కసాయి దగ్గర పొట్టేలు నెత్తురు అడుక్కొచ్చి పోశాడు. నొయెలీ పక్కన కూర్చునే పిల్లల పళ్ళాలన్నిట్లోనూ ఆ వెలుతురు కనిపించింది. వాళ్ళకందరికీ సూదులు పడ్డాయి.

"మన పిల్ల గొంతులోనూ అదే ఉండి ఉంటుందే అక్కా. ఆ నెత్తురు మీద నాకు కనబడలేదు" అని నా బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. వాణ్ణి నేను ఏమీ అనలేదు. అనవలసినవాడు వేరే ఉన్నాడు.

తిన్నగా మేనేజరు గదికి వెళ్ళాను. జనం ఉన్నారు. ఉంటే ఉన్నారు.

"బార్నబే, నువ్వు నా పొట్టేల్ని కోసుకు తిన్నావు. దానివల్ల నా కూతురి గుండె చెడిపోయింది" అన్నాను.

వాడు కళ్ళు పెద్దవి చేసి జనం వైపు తిరిగాడు. "విన్నారా? సామోలకి గుండె కూడా ఉంటుందటర్రా! కుక్కమాంసం అరిగించుకునే పొట్ట ఒక్కటే అనుకున్నాను ఇన్నాళ్ళూ!"

నవ్వారు. గది నిండా నవ్వారు. వాడికి అప్పటికి సంగతి తెలియదేమో, నేను ఆటకే వచ్చాననుకున్నాడేమో. కాని ఆ సాయంత్రమే తెలిసింది కదా? తెలిశాక ఏం చేశాడు? ఒక కోడిని పంపించాడు, మెడకి చీటీ కట్టి: కమాండర్ గారి స్థానంలో తాత్కాలిక ఉద్యోగి. తెచ్చిన మనిషి అది చదివి నవ్వుతూనే ఇచ్చాడు. నా ఎదుటకు వచ్చి, నా కళ్ళలోకి చూసి, తప్పయింది అనే ఒక్క ముక్క వాడి నోట రాలేదు. నవ్వు చాటున దాక్కున్నాడు.

కోడి మెడ విరిచి వాడి గుమ్మంలో పడేశాను. అదీ ఆటే అనుకున్నారు. చూడండి నా గతి!

మా సామోల పెద్ద దగ్గరకు పోయి న్యాయం అడిగాను. ముసలాడు పొగాకు నములుతూ, "మోస్సీ మీద కోపమా? నీకు మతిపోయిందా అమ్మాయ్? కోపం చెల్లదు. ఆడదలుచుకుంటే ఆడు. ఆటకి మాత్రం ఎవరూ అడ్డు రారు" అన్నాడు.

అప్పుడే నిశ్చయించుకున్నాను. నాకు కావలసింది వాడి పొట్టేలు కాదు, వాడి ఉద్యోగం కాదు. వాడి నోట్లో ఆ నవ్వు చచ్చిపోవాలి. ఊరంతా చూస్తుండగా చావాలి. డోలో కాస్తూ, నొయెలీని సూదికి నడిపించుకెళ్తూ, మధ్య మధ్య దాన్ని గోడ నీడలో కూర్చోబెడుతూ, ఇదొక్కటే తలుచుకునేదాన్ని. మనసు చల్లబడుతుందేమోనని భయం వేసి, రాత్రి పూట దాని ఛాతీ మీద చెవి పెట్టి వినేదాన్ని. లోపల ఎవరో తడిగుడ్డ పిండుతున్నట్టు చప్పుడు. మళ్ళీ మండేది.

బార్నబే తల్లి పోకో పోయింది. పండు ముసలిది, నిద్రలో పోయింది. ఇలాంటి చావుకి మా దేశంలో వేళాకోళపు వరసవాళ్ళు వెళ్ళాలి. వెళ్ళి శవం చాప లాక్కుని, పోయినవాళ్ళ బట్టలు కట్టుకుని, వాళ్ళలా నడిచి, వాళ్ళలా దగ్గి, తిట్టి నవ్వించాలి. మేము ఆపేదాకా ఆ ఇంటివాళ్ళు మమ్మల్ని ఆపకూడదు, కోప్పడకూడదు. నవ్వు లేకుండా పంపిస్తే పోయినవాళ్ళు గుమ్మంలోనే తచ్చాడతారని నమ్మకం. మనుషుల నడకలు దించడంలో ఈ చుట్టుపక్కల నన్ను మించినవాళ్ళు లేరు. అది గొప్ప కోసం చెప్పడం లేదు. బార్నబే స్వయంగా వచ్చి పిలిచాడు మరి.

"ఒసే పెలాజీ, మా అమ్మ నవ్వుతూ పోవాలే. నువ్వు తప్ప ఎవరూ ఆడలేరు. రా." కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"వస్తాన్రా బానిసోడా. నువ్వు పిలవకపోయినా వచ్చేదాన్ని" అన్నాను. అది అబద్ధం కాదు.

నొయెలీని ఇంట్లోనే ఉండమని చెప్పి వెళ్ళాను.

ముసలమ్మ మీద నాకు పగ లేదు. ఆమె వాటా ఆమెకి నిజాయితీగానే ఇచ్చాను. ఆమె గుడ్డ కట్టుకుని, కర్ర పట్టుకుని, నడుం వంచి, "ఏమే, ఈ డోలోలో నీళ్ళెన్ని పోశావే?" అని ఆమె గొంతుతో అడిగేసరికి వాకిలంతా ఘొల్లుమంది. కోడళ్ళు కన్నీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. బార్నబే ఏడుస్తూ నవ్వుతున్నాడు. "అచ్చం అమ్మే! అచ్చం అమ్మే!" అంటున్నాడు.

అప్పుడు కర్ర పడేసి నాలుగు కాళ్ళ మీద వంగాను. మే అని అరిచాను. జనం ఇంకా నవ్వారు. పిప్పి తిన్నాను. మెడ చాచి లసినాకు నెత్తురు ఇచ్చాను, గుర్రుమంటూ, దొరలా. పడి పడి నవ్వారు. ఆ తర్వాత లేచి బార్నబేనయ్యాను. వాడి బొజ్జ, వాడి చేతి గడియారం, కత్తి నూరే తీరు. నన్ను నేనే కోసుకున్నాను. నవ్వు కొంచెం సన్నబడింది. పళ్ళెం పట్టుకుని జనం మధ్య తిరిగాను, "తినండి తినండి, ఉప్పు సరిపోయిందా?" అంటూ. తర్వాత గొంతు పట్టుకుని డాక్టరు ముందు నోరు తెరిచాను. ఏమీ లేదు పో అన్నాడు డాక్టరు. ఎగిరి గంతేశాను. గంతులో మోకాలు పట్టేసింది. బిందె ఎత్తుకున్నాను. రెండడుగులు వేసి దింపాను. నోరు తెరిచి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ఎగశ్వాస తీశాను.

ఇప్పుడెవరూ నవ్వడం లేదు.

"చాలు పెలాజీ" అన్నారు ఎవరో. ఒక ముసలాయన నా ముందు కోలా కాయలు పోశాడు, ఆట ముగించమని. తీసుకోలేదు. బార్నబే ఎదుటికి పోయి, వాడి ముఖంలో ముఖం పెట్టి ఎగశ్వాస తీశాను. వాడు అటు తిరిగితే అటు పోయాను, ఇటు తిరిగితే ఇటు పోయాను. తల్లి శవం పక్కన కూర్చున్న మనిషి లేచి పోలేడు. కోప్పడలేడు. పిలిచింది వాడే. వాడి పెదాలు నవ్వబోయి వణికి ఆగిపోయాయి. నా ఒళ్ళంతా చల్లబడింది, ఎండలో నడిచొచ్చి నీళ్ళు తాగినట్టు. ఇంకా కావాలనిపించింది. ఇంకా గట్టిగా తీశాను.

"అమ్మా, నువ్వు తప్పుగా చేస్తున్నావు."

నొయెలీ. వాకిట్లో నవ్వులు విని వచ్చేసింది. జనం దారి ఇచ్చారు. మెల్లగా నడిచి వచ్చి నా పక్కన నిలబడింది. పిల్ల నాకు బుద్ధి చెబుతుందనుకున్నాను. అందరూ అదే అనుకున్నారు.

"నోరు అంత తెరవను నేను" అంది. "ఛాతీ మీద చెయ్యి కూడా పెట్టుకోను. ఇలా ఉంటుంది, చూడు."

పాడె కర్ర పట్టుకుని నిలబడింది. మా పాక నుంచి అక్కడికి నడిచొచ్చిన ఆయాసం ఇంకా తీరలేదు, దానికి నటించే పని లేదు. భుజాలు పైకి లేస్తున్నాయి. గొంతు కింది గుంట లోపలికి పోయి వస్తోంది. మెడ పక్కన నరం కొట్టుకోవడం వెనక వరసలో వాళ్ళకు కూడా కనిపించింది. ఆ ఊపిరి చప్పుడు తప్ప ఆ వాకిట్లో ఇంకేమీ లేదు.

కాసేపటికి తల ఎత్తి చుట్టూ చూసింది. దాని కళ్ళు మెరుస్తున్నాయి. దానికి నా విద్య వచ్చింది, అది చూపించుకుంది అంతే.

"ఇప్పుడు నవ్వండి" అంది.

బార్నబే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "పెలాజీ గారూ" అన్నాడు. జీవితంలో మొదటిసారి నన్ను అలా పిలిచాడు. మా వరసలో ఆ మాట చెంపదెబ్బ కంటే పెద్దది, జనం ఉలిక్కిపడ్డారు. "తప్పు నాదేనండీ. లసినా చెప్పాడు. నేను వినలేదు. మీరు చెప్పారు. నేను వినలేదు. నన్నేం చేసినా చెయ్యండి."

వాడి ముఖంలో నవ్వు చచ్చిపోయింది. నేను కోరినట్టే, ఊరంతా చూస్తుండగా చచ్చిపోయింది. క్షమించానా అంటే లేదు. ఇప్పటికీ లేదు.

కాని నొయెలీ వాడి వైపు చూడటం లేదు. అది జనం ముఖాలు ఒక్కొక్కటే వెతుకుతోంది. చావింట్లో ఆడిన ఆటకి నవ్వు రాకపోతే ఆట ఓడినట్టని దానికి తెలుసు, నేర్పింది నేనే. దాని పెదవి కొద్దిగా వంకర తిరిగింది. ఏడుపుకి ముందు అలాగే తిరుగుతుంది. ఏడిస్తే ఊపిరి ఇంకా అందదు.

నేను నవ్వాను. ముందు రాలేదు. తర్వాత వచ్చింది. వాడు నా కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద ఉండగానే, తల వెనక్కి వేసి, వాకిలి దద్దరిల్లేలా, ఒక్కదాన్నే పకపకా నవ్వాను. నా కూతురు సంతోషంగా చప్పట్లు కొట్టింది.